గ్యారేజీ హీటర్: రెండు వైర్లలోనూ కరెంటు ఉంది, హీటర్ మాత్రం ఆన్ కాలేదు

గ్యారేజీలో హీటర్ పెట్టుకోవాలని రెండు చలికాలాలుగా అనుకుంటున్నాను. నా చెక్కపనంతా అక్కడే. వేళ్లు కొంకర్లు పోతుంటే ఉలి మీద పట్టు దొరకదు. చివరికి 5000 వాట్ల, 240 వోల్టుల హీటర్ తెచ్చి, పర్మిట్ తీసుకుని, వైరింగ్ నేనే చేశాను. లెక్క వరకు తేలికే. 5000ని 240తో భాగిస్తే సుమారు 21 ఆంప్‌లు. హీటర్ గంటల తరబడి నడుస్తుంది కాబట్టి పాతిక శాతం కలుపుకుంటే 26. అందుకని 30 ఆంప్‌ల బ్రేకర్, 10 గేజ్ రాగి వైరు.

బ్రేకర్ వేశాను. ఫ్యాను కదల్లేదు. చిన్న లైటు కూడా వెలగలేదు.

వైరు దగ్గర పెడితే చాలు, కూత పెట్టే టెస్టర్ ఒకటుంది నా దగ్గర. రెండు వైర్ల దగ్గరా కూసింది. కరెంటు వస్తోంది కదా, ఇక హీటరే పాడైందని తేల్చేశాను. వెనక్కి పంపుదామని అట్టపెట్టె కూడా తీశాను. ఎందుకో మనసొప్పక, బ్రేకర్ ఆపి, ఎలిమెంట్ వైరు ఒకటి ఊడదీసి మల్టీమీటర్‌తో కొలిచాను. 11.2 ఓమ్‌లు. 240ని 240తో గుణించి 5000తో భాగిస్తే 11.5 రావాలి. చల్లగా ఉన్నప్పుడు కాస్త తక్కువే చూపిస్తుంది. అంటే ఎలిమెంట్ నిక్షేపంగా ఉంది.

వైరు మళ్లీ బిగించి, బ్రేకర్ వేసి, ఈసారి టెస్టర్ పక్కన పెట్టి మీటరుతోనే చూశాను. మొదటి వైరుకీ ఎర్త్‌కీ మధ్య 120. రెండో వైరుకీ ఎర్త్‌కీ మధ్య 120. రెండు వైర్ల మధ్య సున్నా.

ఆ సున్నా దగ్గరే నాకు విషయం అర్థమైంది. అమెరికా, కెనడా ఇళ్లకు ట్రాన్స్‌ఫార్మర్ నుంచి రెండు లైవ్ లైన్లు వస్తాయి. న్యూట్రల్‌తో చూస్తే ఒక్కోటీ 120. ఒకటి పైకి లేచే క్షణంలో రెండోది కిందికి దిగుతుంది కాబట్టి రెండింటి మధ్య 240 దొరుకుతుంది. నా వైర్లు రెండూ ఒకే లైనుకు తగులుకున్నాయి. నీటిమట్టం ఒకటే ఉన్న రెండు చెరువుల మధ్య కాలువ తవ్వితే నీళ్లు ఎటు పారతాయి? టెస్టర్ అబద్ధం చెప్పలేదు. వైరులో కరెంటు ఉందా లేదా అన్నదే దానికి తెలుసు. రెండు వైర్ల మధ్య ఎంత తేడా ఉందో దానికి తెలియదు.

తప్పు బ్రేకర్లుండే ప్యానెల్లో జరిగింది. ఒక్క గడే ఖాళీగా ఉందని, అందులో ఇమిడే సన్నటి జంట బ్రేకర్ పెట్టాను. చూడ్డానికి రెండు మీటలున్నా ఆ రెండూ ఒకే లైను తాలూకు పట్టీ మీద కూర్చుంటాయి. 240కి కావాల్సింది పక్కపక్కన రెండు గడులు తీసుకుని, రెండు లైన్లనీ ఒకేసారి తెంచే బ్రేకర్. అది పెట్టాలంటే పాత బ్రేకర్లు కొన్ని జరపాలి. మెయిన్ ఆపినా మీటరు వైపు నుంచి వచ్చే లావు వైర్లలో కరెంటు అలాగే ఉంటుంది. అక్కడ చెయ్యి పెట్టే అనుభవం నాకు లేదు. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను.

హీటర్ నడిచింది. మొదటిరోజు కాస్త వాసన వచ్చింది. ఎలిమెంట్ మీది దుమ్మూ నూనే కాలతాయని, కాసేపటికి పోతుందని మాన్యువల్లో ఉంది. పోయింది కూడా. మూడో రోజు మా ఆవిడ గ్యారేజీ తలుపు తీసి అక్కడే ఆగిపోయింది. "ఏమండీ, ఇది దుమ్ము వాసన కాదు. చేపల వాసన" అంది. వెంటనే బ్రేకర్ ఆపేశాను. వేడెక్కిన ప్లాస్టిక్ అలాంటి వాసనే వేస్తుంది. ఎక్కడో కనెక్షన్ లూజై వేడెక్కుతోందని అనుమానం వచ్చింది.

బ్రేకర్ ఎందుకు ట్రిప్ కాలేదని మొదట ఆశ్చర్యపోయాను. ఆలోచిస్తే, లూజ్ కనెక్షన్ వల్ల కరెంటు పెరగదు, కొంచెం తగ్గుతుంది. బ్రేకర్‌కి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. అందుకే ఇలాంటి లోపమంటే నాకు షార్ట్ సర్క్యూట్ కన్నా ఎక్కువ భయం.

బ్రేకర్ ఆపి ఉండగానే హీటర్ టెర్మినళ్లకి మీటరు క్లిప్పులు తగిలించి, దూరంగా జరిగి బ్రేకర్ వేశాను. థర్మోస్టాట్ తగ్గించి ఉన్నప్పుడు 241 వోల్టులు. హీటర్ అందుకోగానే 229. పన్నెండు వోల్టులు ఎక్కడికి పోయాయి? ప్యానెల్ దగ్గర ఓ వోల్టు తగ్గుతుంది. 60 అడుగుల వైరు రానూపోనూ కలిపి రెండున్నర తింటుంది. ఇంకా ఎనిమిదిన్నర మిగిలాయి. ఎనిమిదిన్నర వోల్టులు, ఇరవై ఆంప్‌లు: 170 వాట్లు. మామూలు సోల్డరింగ్ ఐరన్లు మూడు నాలుగు కలిపినంత వేడి, గోరంత చోట.

లోపం హీటర్ పక్కనే గోడకున్న డిస్‌కనెక్ట్ స్విచ్‌లో దొరికింది. బ్రేకర్ ఆపి, మీటరును ముందు పనిచేసే ప్లగ్గులో చూసుకుని, స్విచ్ వైర్ల మధ్య సున్నా ఉందని చూసి, మళ్లీ ఆ ప్లగ్గులో సరిచూసుకున్నాకే మూత విప్పాను. నల్ల వైరు తొడుగు అంగుళం మేర గోధుమరంగుకి తిరిగి పెళుసెక్కింది. నేను తొడుగు తక్కువ ఒలిచాను. స్క్రూ రాగి మీద కాకుండా సగం తొడుగు మీద బిగిసింది. చేతికి గట్టిగానే తగిలింది కాబట్టి సరిపోయిందనుకున్నాను. ప్లాస్టిక్ వేడికి మెత్తబడేసరికి ఆ పట్టు జారింది.

నల్లబడిన స్విచ్ తీసేసి కొత్తది పెట్టాను. వైరు మెరిసే రాగి వచ్చేదాకా కోసి, స్విచ్ మీద గుర్తు వేసిన పొడవు మేరకు ఒలిచి, బిగింపు ఎంతో కొలిచే టార్క్ స్క్రూడ్రైవర్‌తో లేబుల్ మీదున్న అంకెకి బిగించి, ఒక్కో వైరునీ లాగి చూశాను. అదే చేత్తో హీటర్ టెర్మినళ్లూ సరిచూశాను.

ఈసారి హీటర్ అందుకున్నాక మీటరు 237.5 దగ్గర ఆగింది. గంట నడిపి స్విచ్ మూత మీద అరచెయ్యి ఆనించాను. గోడ ఎంత చల్లగా ఉందో అదీ అంతే చల్లగా ఉంది.