మావెన్ నిల్వకు కొత్త చోటు

సీ డ్రైవ్ నిండిపోయి ఎర్రగీత చూపించడంతో, జావా ప్రాజెక్టులను బిల్డు చేసే (కోడును నడిచే ప్రోగ్రాముగా మార్చే) మావెన్ అనే సాధనం దించుకున్న జార్ ఫైళ్లన్నిటినీ (ప్రాజెక్టుకు కావలసిన రెడీమేడ్ జావా కోడు మూటలు) ఈరోజు డీ డ్రైవ్‌కు తరలించాను. మామూలుగా అవి యూజర్ ఫోల్డర్‌లోని డాట్ ఎం2 (.m2) ఫోల్డర్ లోపల, రిపోజిటరీ అనే ఫోల్డర్‌లో పోగవుతాయి. ఆ డాట్ ఎం2లోనే ఉండే సెట్టింగ్స్.ఎక్స్‌ఎంఎల్ ఫైలులో (లేకపోతే మనమే సృష్టించుకోవాలి) లోకల్‌రిపోజిటరీ ట్యాగు మధ్య కొత్త చిరునామా రాస్తే, తర్వాతి బిల్డు నుంచి మావెన్ అక్కడే వెతుకుతుంది, లేనివాటిని అక్కడికే దించుకుంటుంది. మావెన్‌ను ఇన్‌స్టాల్ చేసిన చోటును సూచించే మావెన్ హోమ్ వేరు, ఈ నిల్వ వేరు. పాత ట్యుటోరియల్స్ చెప్పే, మావెన్ హోమ్ లాంటిదే అయిన ఎం2 హోమ్ సెట్టింగును 3.5.0 వెర్షన్ నుంచి తీసేశారు, మంచి పనే చేశారు. ఒక్క బిల్డుకే వేరే నిల్వ కావాలంటే మావెన్.రెపో.లోకల్ ప్రాపర్టీని కమాండ్‌లోనే ఇవ్వవచ్చు గానీ, ప్రతిసారీ అంత పొడవు టైపు చేసే ఓపిక నాకు లేదు.