ఈ వయసులో ఇంకేం చదువుతారు?

ఆ మాటన్న డాక్టరుగారికి అది గుర్తు కూడా ఉండదు. ఎడమ కంటికి క్యాలెండరు గళ్లు వంకరగా కనిపిస్తున్నాయని, ఎదుటివాళ్ల ముఖం మధ్యలో మసక మచ్చ ఉంటోందని చెప్పాను. టార్చి వేసి చూసి, "శుక్లం ఇంకా ముదరలేదమ్మా. అయినా ఈ వయసులో ఇంకేం చదువుతారు?" అని చుక్కల మందు రాశారు. బతుకంతా తెలుగు పాఠాలు చెప్పినదాన్ని, చదవక ఏం చేయాలట!

ఆ చుక్కలతోనే నెలలు గడిచాయి. చివరికి మా అమ్మాయి విశాఖపట్నంలో రెటీనా, అంటే కంటి వెనక తెర, చూసే డాక్టరమ్మకు చూపించింది. రెటీనా పొరల్ని చూపే ఓసీటీ స్కాన్ తీశాక ఆవిడ ఓపికగా విడమరిచి చెప్పారు. ఇది వయసుతో రెటీనా నడిమి భాగం పాడయ్యే జబ్బట, తడి రకం ఏఎండీ అంటారట. రెటీనా కింద కొత్త రక్తనాళాలు పుట్టుకొచ్చాయి. గట్టిదనం లేని నాళాలు కాబట్టి నీరు, రక్తం కారుతున్నాయి. వాటిని పెంచేది వీఈజీఎఫ్ అనే ప్రొటీన్. దాన్ని అడ్డుకునే మందును సూదితో కంట్లోకే ఎక్కించాలి. పూర్వం లేజరుతో కాల్చి, ఉన్న చూపు నిలిస్తే చాలనుకునేవారట. 2006లో రానిబిజుమాబ్ అనే అలాంటి మందు వచ్చాక చాలామందికి చూపు మెరుగుపడటం కూడా మొదలైంది.

నాకు మొదట అదే పని చేసే బెవాసిజుమాబ్ ఇచ్చారు. అసలది పెద్దపేగు క్యాన్సర్ మందు, కంటికి వాడితే ఖర్చు చాలా తక్కువ. ఆ సంగతి ఆవిడ దాచకుండా చెప్పినందుకు ఇప్పటికీ దండం పెడతాను. సూది గురించి చెప్పడానికేమీ లేదు, మత్తు చుక్కలు వేస్తారు, చిటికెలో అయిపోతుంది.

భయమంతా ఆ రాత్రిదే. పడుకోబోతుంటే కంట్లో నల్లటి గుండ్రటి బుడగలు, తల కదిలిస్తే చాలు అడుగున దొర్లుతున్నాయి. నొప్పి పెరిగినా, చూపు తగ్గినా ఇన్ఫెక్షన్ కావచ్చు, వెంటనే రమ్మన్నారు. మరి బుడగల సంగతి ఎవరూ చెప్పలేదే! గడియారం చూస్తూ ఆదిత్య హృదయం చదువుకున్నాను, అరసవల్లి స్వామికి మొక్కుకున్నాను. అర్ధరాత్రి దాటాక అమ్మాయి ఆసుపత్రికి ఫోను చేస్తే, ఎత్తిన నర్సు విసుక్కోకుండా నొప్పి ఉందా, చూపు తగ్గిందా అని అడిగి, "సూదితోపాటు వెళ్లిన గాలి బుడగలమ్మా, ఒకటి రెండు రోజుల్లో పోతాయి" అంది. ఆ పిల్ల చల్లగా ఉండాలి. ఆ ముక్కే కాగితం మీద రాసిస్తే ఆసుపత్రి సొమ్మేం పోయింది?

తరువాత నీరు మళ్లీ చేరితే ఫారిసిమాబ్‌కు మార్చారు. వీఈజీఎఫ్‌తోపాటు మరో ప్రొటీన్‌నూ అడ్డుకునే మందు. ఖరీదు ఎక్కువే కానీ సూదికీ సూదికీ మధ్య ఎడం పెరిగింది, కొందరికి నాలుగు నెలల దాకా ఆగుతుందట. మొక్కు కూడా తీర్చుకున్నాను, ఏది పనిచేసిందని మా అల్లుడిగారితో వాదన పెట్టుకోను.

యాభై దాటినవాళ్లు రోజూ ఒక్కో కన్ను మూసి గళ్ల కాగితం చూడండి. గీత వంగితే రెటీనా డాక్టరు దగ్గరికే వెళ్లండి.

పత్రిక మళ్లీ చదువుతున్నాను, మధ్యలో చిన్న మచ్చ మాత్రం మిగిలిపోయింది. అది ఆ చుక్కల మందు చలవే అంటాను నేను. అలా తేల్చి చెప్పలేమంటారు డాక్టరమ్మ. తోటి డాక్టరును వెనకేసుకొస్తున్నారని నా అనుమానం.