మండుతుందన్న ఒంట్లో చలి

ఆ వేసవిలో నేను స్వెటర్ వేసుకుని పడుకునేదాన్ని. ఇంట్లో అందరూ ఉక్కపోతకు తాళలేక కిటికీలన్నీ తెరిచి ఉంచితే, నేను కాళ్ళకు మేజోళ్ళు తొడుక్కుని, దుప్పటి మెడదాకా లాక్కుని ఒక మూల ముడుచుకునేదాన్ని. వేళ్ళ చివరలు తెల్లగా పాలిపోయి ఉండేవి. ఒంట్లో కొవ్వు కరిగిపోతోంది కనుక చలి వేస్తోందని నాకు నేనే చెప్పుకున్నాను. నేను పాటిస్తున్నది జీవక్రియను (మెటబాలిజాన్ని), అంటే ఒళ్ళు శక్తిని ఖర్చు చేసే వేగాన్ని, పెంచే డైట్. అది లోపల మంట రాజేస్తుందని, ఆ మంటలో కొవ్వు కాలిపోతుందని దాని గురించి చెప్పేవారు. మంట రాజుకుంటే ఒళ్ళు వెచ్చబడాలి కదా అన్న ప్రశ్న నాకు తట్టలేదు. తట్టి ఉంటే ఆపరేషన్ బల్ల దాకా వెళ్ళేదాన్ని కాదేమో.

అప్పుడు నాకు 38 ఏళ్ళు, బరువు 84 కిలోలు. మా అక్క, నేను ఒకే పళ్ళెంలో తిని పెరిగాం. ఆమె సన్నగానే ఉండిపోయింది, నేను లావయ్యాను. "నీది మెటబాలిజం తక్కువున్న శరీరం" అని ఇరవైల్లో ఎవరో అన్న మాట నా మనసులో స్థిరపడిపోయింది. ఆ మాట నాకు పెద్ద ఊరట. తప్పు నాది కాదు, నాతో పుట్టిన శరీరానిది అనుకోగలిగాను. ఆ ఊరటలోంచే ఆశ కూడా పుట్టింది. లోపం అదొక్కటే అయితే, దాన్ని సరిచేసే మార్గం ఎక్కడో ఉండే ఉంటుంది కదా!

ఆ మార్గం ఒక కాగితం రూపంలో దొరికింది. 13 రోజుల డైట్. ఉదయం పంచదార లేని కాఫీ, మధ్యాహ్నం రెండు ఉడికించిన గుడ్లు, కాస్త ఆకుకూర, రాత్రికి ఒక చిన్న మాంసం ముక్క. తర్వాత ఆసుపత్రిలో పోషకాహార నిపుణురాలు లెక్క వేస్తే రోజుకు దాదాపు 600 కేలరీలని తేలింది. ఆ 13 రోజులూ తూచా తప్పకుండా పాటిస్తే జీవక్రియ శాశ్వతంగా మారిపోతుందని, ఆ తర్వాత రెండేళ్ళ వరకు ఏం తిన్నా బరువు పెరగదని ఆ కాగితంలో రాసి ఉంది. దానికి తోడుగా నేను గ్రీన్ టీ సారం క్యాప్సూళ్ళు కూడా మొదలుపెట్టాను.

మొదటి 13 రోజుల్లో ఆరు కిలోలు తగ్గాను. ఆ ఆనందాన్ని ఇప్పుడు తక్కువ చేసి చెప్పలేను. బిగుతైన బట్టలు వదులయ్యాయి, చూసినవాళ్ళంతా ఏం చేశావని అడిగారు. అడిగినవాళ్ళకల్లా ఆ కాగితం ఫొటో తీసి పంపాను. మొత్తం పదకొండు మందికి. ఆ ఆరు కిలోల్లో నీళ్ళ వాటా ఎంతో నాకప్పుడు తెలియదు. శరీరం కాలేయంలోనూ కండరాల్లోనూ సుమారు అర కిలో పిండి పదార్థాన్ని గ్లైకోజెన్‌గా దాచుకుంటుంది. ప్రతి గ్రాముతో పాటు దాదాపు మూడు గ్రాముల నీరు అంటిపెట్టుకుని ఉంటుంది. తిండి తగ్గించగానే ముందు కరిగేది ఆ నిల్వే. దాన్ని కొవ్వు అనుకుని మళ్ళీ ఇంకో 13 రోజులు చేశాను. మధ్యలో వచ్చిన విరామాల్లో కూడా 800 కేలరీలు దాటలేదు. పదకొండు వారాల్లో 17 కిలోలు తగ్గాను.

చలితో పాటు ఇంకా కొన్ని మొదలయ్యాయి. దువ్వెనకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా వచ్చేది. రెండు నెలలు నెలసరి రాలేదు. మెట్లెక్కితే కళ్ళు తిరిగేవి. అన్నిటికంటే బాధించింది తిండి గురించిన ధ్యాస. పిల్లలు ఏం తింటున్నారో, ఎంత వదిలేశారో చూస్తూ కూర్చునేదాన్ని. చిన్నవాడు పళ్ళెంలో ఏదో మిగిల్చాడని వాడిమీద అరిచాను. వాడు ఏడుస్తుంటే కూడా నా చూపు ఆ పళ్ళెం మీదే ఉంది. ఆ సంగతి నేను డాక్టరుకు కూడా చాలా ఆలస్యంగా చెప్పాను.

ఇక చాలనుకుని డైట్ ఆపేసిన వారానికి, ఒక వేడుకలో అందరితో పాటు కడుపునిండా నూనె వంటకాలు తిన్నాను. అర్ధరాత్రి కుడివైపు పక్కటెముకల కింద నొప్పి మొదలైంది. గ్యాస్ అనుకున్నాను. కాసేపటికి అది వీపు మీదుగా కుడి రెక్క దాకా పాకింది. కూర్చోలేను, పడుకోలేను, నిలబడలేను. రెండు కాన్పుల నొప్పులు చూసినదాన్ని, వాటి మధ్యనైనా ఊపిరి తీసుకునే వ్యవధి ఉండేది. ఇది తెరిపి లేకుండా మూడు గంటలు బిగపట్టి ఉంచింది. తెల్లవారుజామున అత్యవసర విభాగంలో స్కానింగ్ తీశారు. పిత్తాశయం (గాల్‌బ్లాడర్) నిండా చిన్న చిన్న రాళ్ళు.

సర్జన్ అడిగిన మొదటి ప్రశ్న, "ఈ మధ్య బాగా బరువు తగ్గారా?" అని.

తగ్గానని కొంచెం గర్వంగానే చెప్పాను. ఆయన ముఖంలో మెచ్చుకోలు కనబడలేదు. "ఎన్ని వారాల్లో?" అన్నారు. చెప్పాను. అప్పుడు మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని వివరించారు. కొవ్వు వేగంగా కరిగేటప్పుడు కాలేయం పిత్తరసంలోకి కొలెస్టరాల్‌ను ఎక్కువగా వదులుతుంది. తిండిలో కొవ్వు తగినంత ఉంటేనే పిత్తాశయం బాగా ముడుచుకుని ఆ రసాన్ని పేగులోకి పంపుతుంది. నేను తిన్నదాంట్లో కొవ్వు చాలా తక్కువ, కాబట్టి ఆ సంచి వారాల తరబడి సరిగా ఖాళీ కాకుండా ఉండిపోయింది. నిలవ ఉన్న రసం చిక్కబడి రాళ్ళు కట్టింది. వారానికి కిలోన్నర కంటే వేగంగా బరువు తగ్గేవారిలో ఈ ముప్పు పెరుగుతుందని వైద్యులకు ఎప్పటినుంచో తెలుసునట. నాకు ఆ కాగితం ఇచ్చినవారు ఈ మాట చెప్పలేదు. నేను పంపిన పదకొండు మందికీ ఎవరూ చెప్పలేదు.

లాపరోస్కోపీ పద్ధతిలో పిత్తాశయం తీసేశారు. ఆపరేషన్ గురించి పెద్దగా చెప్పవలసిందేమీ లేదు. పొట్టమీద నాలుగు చిన్న గాట్లు, మర్నాడు ఇంటికి, రెండు వారాల విశ్రాంతి. అసలు కోలుకోవడం ఆ తర్వాత మొదలైంది.

రక్త పరీక్షల్లో థైరాయిడ్ హార్మోన్ టీ3 తక్కువగా, థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్ టీఎస్‌హెచ్ మామూలుగా ఉంది. నాకు లోలోపల సంతోషం కలిగింది. ఇన్నేళ్ళుగా నేననుకుంటున్నదానికి రుజువు దొరికిందనుకున్నాను. మాత్రలు రాయమని అడిగాను. ఫిజీషియన్ తల అడ్డంగా ఊపి, "ఇది థైరాయిడ్ జబ్బు కాదమ్మా. కరువు వచ్చిందనుకుని మీ శరీరం ఖర్చు తగ్గించుకుంది. తిండి పెట్టండి, అదే సర్దుకుంటుంది" అన్నారు. చలి, నెమ్మదించిన నాడి, ఊడిన జుట్టు, ఆగిన నెలసరి, అన్నీ ఆ పొదుపులో భాగమేనని అప్పుడు తెలిసింది. జీవక్రియను పెంచుతుందని నేను నమ్మిన డైట్ దాన్ని తగ్గించింది.

ఆయనే ఒక ప్రయోగం గురించి చెప్పారు. తర్వాత దాని గురించి దొరికినదంతా చదివాను. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను 24 వారాల పాటు అర్ధాకలితో ఉంచాడు. కరువుపడిన ప్రజలకు మళ్ళీ ఎలా తిండి అలవాటు చేయాలో తెలుసుకోవడానికి వారు స్వచ్ఛందంగా ముందుకు వచ్చారు. వారికి పెట్టింది రోజుకు సుమారు 1,570 కేలరీలు. శరీర బరువులో నాలుగో వంతు పోయింది, విశ్రాంతిలో శరీరం ఖర్చు చేసే శక్తి దాదాపు 40 శాతం పడిపోయింది. ఎండాకాలంలో చలి వేసింది, జుట్టు ఊడింది, ధ్యాసంతా తిండి మీదే, వంటల పుస్తకాలు చదువుతూ కూర్చున్నారు. చదువుతూ ఏడ్చాను. ఆ రోజు పళ్ళెం మీద నిలిచిపోయిన నా చూపుకు ఒక పేరు, ఒక కారణం ఉన్నాయని ఎనభై ఏళ్ళ కిందటి ఆ మనుషులు నాకు చెప్పారు.

మరి జీవక్రియను పెంచేది ఏదీ లేదా? నాకు ఇంకా ఆ కోరిక చావలేదు. పోషకాహార నిపుణురాలిని ఒక్కొక్కటే అడిగాను, ఆమె ఓపిగ్గా ఒక్కొక్కదానికీ లెక్క చెప్పారు. మనం రోజూ ఖర్చు చేసే శక్తిలో 60 నుంచి 70 శాతం గుండె, మెదడు, కాలేయం, మూత్రపిండాలు లాంటివి ఊరికే పనిచేస్తూ ఉండటానికే పోతుంది. తిన్నది అరిగించుకోవడానికి సుమారు పది శాతం. కాఫీ కాసేపు కొద్దిగా పెంచుతుంది, అలవాటైతే అదీ తగ్గుతుంది. చల్లటి నీళ్ళ లెక్క నాచేతే వేయించారు: అర లీటరు నీటిని 5 డిగ్రీల నుంచి శరీర ఉష్ణోగ్రతకు తేవడానికి 16 కేలరీలు చాలు. రోజుకు ఆరుసార్లు కొంచెం కొంచెం తింటే జీవక్రియ పెరుగుతుందన్నది నిజం కాదు. మొత్తం తిండి అంతే అయితే అరిగించే ఖర్చూ అంతే. మాంసకృత్తులు మాత్రం వాటిలోని శక్తిలో 20 నుంచి 30 శాతం అరుగుదలకే తీసుకుంటాయి, పైగా ఆకలిని ఎక్కువసేపు ఆపుతాయి. అది మేలే, కానీ మంత్రం కాదు. కండ పెరిగితే రోజంతా కొవ్వు మండుతుందన్న మాటకూ హద్దుంది. కిలో కండ విశ్రాంతిలో రోజుకు ఖర్చు చేసేది సుమారు 13 కేలరీలే.

గ్రీన్ టీ క్యాప్సూళ్ళ డబ్బా తెచ్చి చూపించమన్నారు. దాన్ని పక్కన పడేయమని గట్టిగా చెప్పారు. కప్పులో తాగే టీతో ఇబ్బంది లేదు. సారాన్ని చిక్కబరిచి మాత్రల్లో కుక్కినప్పుడు కొందరిలో కాలేయం దెబ్బతింటుంది. అందులోని కాటెచిన్లు అనే పదార్థాలు రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన తీసుకుంటే ప్రమాదం ఉండవచ్చని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లోనే చెప్పింది. నా కాలేయ పరీక్షల్లో అంకెలు అప్పటికే కాస్త ఎక్కువగా ఉన్నాయి. రెండు నెలల్లో మామూలయ్యాయి.

జీవక్రియను నిజంగా పెంచిన మందు ఒకటి ఉండేది. డైనైట్రోఫినాల్. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఫ్రాన్స్‌లోని మందుగుండు కర్మాగారాల్లో దానితో పనిచేసిన కార్మికులు చిక్కిపోయారు, వారికి చెమటలు పట్టాయి, కొందరు చనిపోయారు. 1933లో అమెరికాలో దాన్ని బరువు తగ్గే మందుగా వాడటం మొదలైంది. కణాల్లో శక్తి నిల్వ కాకుండా వేడిగా కారిపోయేలా చేస్తుంది అది. మోతాదు కొంచెం పెరిగినా ఒంట్లో వేడి ఆగకుండా పెరిగి ప్రాణం పోతుంది. చూపు పోయినవారూ ఉన్నారు. 1938కల్లా ఆ వాడకానికి అడ్డుకట్ట పడింది. జీవక్రియను పెంచుతుందని ఎవరు ఏది చెప్పినా నాకిప్పుడు ముందు గుర్తొచ్చేది ఆ కార్మికులే.

ఆపరేషన్ అయిన ఎనిమిది నెలలకు, బరువు 74 కిలోలకు చేరాక, నా జీవక్రియను కొలిచారు. ఏమీ తినకుండా వెళ్ళి, తలమీద పారదర్శకమైన గుల్ల లాంటిది పెట్టుకుని అరగంట కదలకుండా పడుకోవాలి. పీల్చే ప్రాణవాయువును, వదిలే బొగ్గుపులుసు వాయువును బట్టి లెక్క తేలుతుంది. నా వయసు, ఎత్తు, బరువు ఉన్న స్త్రీకి సూత్రం ప్రకారం ఉండవలసింది 1,384 కేలరీలు. నాకు వచ్చింది 1,370.

మామూలు. పదిహేనేళ్ళకు పైగా నా శరీరం మీద నేను వేసిన నింద నిజం కాదు. నిజానికి శరీరం పెద్దదైన కొద్దీ దానికి కావలసిన శక్తీ పెరుగుతుంది. 84 కిలోలున్నప్పుడు నా శరీరం అక్కదానికంటే ఎక్కువే ఖర్చు చేసి ఉంటుంది. వయసు మీద పడటం వల్ల అనుకుందామా అంటే, 29 దేశాల్లో 6,400 మందికి పైగా మనుషుల లెక్కలు తీసి 2021లో ప్రచురించిన పరిశోధన, శరీర పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే 20 నుంచి 60 ఏళ్ళ దాకా జీవక్రియ దాదాపు మారదని చూపింది. 1992లో ఇంకొక చిన్న అధ్యయనం, ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదన్న కొందరిని నిశితంగా పరిశీలించింది. వారి జీవక్రియ బాగానే ఉంది. తాము తిన్నది మాత్రం సగటున 47 శాతం తక్కువ చేసి చెప్పుకున్నారు. వారు అబద్ధం ఆడారని నేననుకోను. నేనూ అలాగే నమ్మాను. పిల్లలు వదిలేసినవి, వంట చేస్తూ రుచి చూసినవి, నిలబడి తిన్నవి నా లెక్కలో ఎప్పుడూ లేవు.

తిండి మళ్ళీ పెంచడం నాకు భయంగానే ఉండేది. ఒక్కో వారం ఒక్కో వంద కేలరీలు పెంచుకుంటూ వెళ్ళాం. ఏడు కిలోలు తిరిగి వచ్చాయి. ప్రతి కిలోకూ నేను కుంగిపోతే, అందులో కొంత నీళ్ళు, కొంత కండ అని పోషకాహార నిపుణురాలు గుర్తుచేసేవారు. వారానికి రెండుసార్లు బరువులు ఎత్తడం మొదలుపెట్టాను. కేలరీలు కాల్చడానికి కాదు, పోయిన కండ తెచ్చుకోవడానికి. నెలసరి ఐదో నెలలో వచ్చింది. నుదుటి దగ్గర చిన్న చిన్న వెంట్రుకలు మొలిచాయి. ఒక రాత్రి ఉక్కగా అనిపించి దుప్పటి తీసేశాను. ఆ సంగతి గమనించడానికి నాకు కొన్ని క్షణాలు పట్టింది. ఇప్పుడు 72 కిలోలున్నాను, నెలకు అర కిలో తగ్గినా చాలనుకుంటున్నాను.

ఆ పదకొండు మందికీ ఒక్కొక్కరికే ఫోను చేస్తున్నాను. ఆరుగురు ఆ కాగితాన్ని మొదటి వారంలోనే వదిలేశామన్నారు. ఒకావిడ మూడోసారి చేస్తున్నానని, జుట్టు బాగా ఊడుతోందని, ఈమధ్య భోజనం చేశాక కుడి పక్కన పట్టేసినట్టు ఉంటోందని చెప్పింది. మర్నాడు నేనే వెంట వెళ్ళి స్కానింగ్ తీయించాను. ఇద్దరు నా మాట నమ్మలేదు. మిగిలిన ఇద్దరూ ఇంకా ఫోను ఎత్తలేదు, ఈ సాయంత్రం మళ్ళీ చేస్తాను.