గోధుమ మానేశాక నాకు దొరికిన బ్రెజిల్ టిఫిన్

ఎన్ని ఐరన్ మాత్రలు మింగినా హిమోగ్లోబిన్ పెరగకపోవడంతో డాక్టరు నాకు టిటిజి-ఐజిఎ అనే రక్తపరీక్ష రాశారు. అది పాజిటివ్ వచ్చాక ఎండోస్కోపీ చేసి, చిన్నపేగు నుంచి ముక్కలు తీసి చూసి, గోధుమ పడని సీలియాక్ అనే జబ్బని తేల్చారు. ఈ పరీక్షలకు వెళ్లేవాళ్లకు ఒక మాట: అన్నీ పూర్తయ్యేదాకా గోధుమ మానకండి. ముందే మానేస్తే పేగు కోలుకోవడం మొదలై, జబ్బు ఉన్నా లేనట్టు చూపించవచ్చు.

ఇది మామూలు అలర్జీ కాదు. గోధుమ, బార్లీ, రై (గోధుమ లాంటి ఒక ధాన్యం, ఆవాలు కాదు) గింజల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ కడుపులోకి వెళితే మన రోగనిరోధక వ్యవస్థే చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. దీనికి చికిత్స జీవితాంతం గ్లూటెన్ మానడమే.

అన్నం తినేవాళ్లం, మనకేం ఇబ్బంది అని అందరూ ధైర్యం చెప్పారు. ఇంగువ డబ్బా వెనక చదివాక నా ధైర్యం జారిపోయింది. చాలా కంపెనీల ఇంగువ పొడిలో గోధుమపిండి కలుస్తుంది. అంటే బయట సాంబారు, పులిహోర, చారు అన్నీ అనుమానమే. ఇంట్లోకి బియ్యప్పిండి కలిపిన ఇంగువ తెచ్చుకున్నాను. ఆఫీసు వాళ్లతో బయటికి వెళ్లాలంటే మాత్రం టెన్షన్ తగ్గలేదు. "గోధుమ లేదండీ" అని చెప్పి అదే గరిటె, అదే పెనం వాడిన చోట తిని మంచానపడ్డాను కూడా.

మేముండేది మసాచుసెట్స్‌లోని ఫ్రేమింగ్‌హామ్‌లో. ఇక్కడ బ్రెజిల్ కుటుంబాలు చాలా ఎక్కువ. మా వీధి చివర చిన్న కేఫ్ నడిపే ఆవిడ తల్లిదండ్రులు బ్రెజిల్‌లోని మినాస్ జెరైస్ రాష్ట్రం నుంచి వచ్చారు. వేపుళ్లు పెట్టరు, పంచదార బాగా తక్కువ. నా జబ్బు సంగతి చెప్పగానే ఆవిడ "మీరే చూడండి" అని వంటగదిలోకి తీసుకెళ్లారు. శాండ్‌విచ్ బ్రెడ్డు ఒక మూల, దాని కత్తి, బల్ల వేరు. కర్రపెండలం పిండితో చేసేవాటికి విడిగా పెనం, విడిగా ట్రేలు. అసాయీ అనే బ్రెజిల్ పండు గుజ్జు గిన్నె మీద చల్లే గ్రనోలా (వేయించిన ఓట్స్ మిశ్రమం) మాత్రం నాకు వద్దని ఆవిడే చెప్పారు, అందులోని ఓట్స్‌కి గోధుమ తగిలి ఉండొచ్చని. ఆ ఒక్క మాటతో నాకు నమ్మకం కుదిరింది.

నాకు ప్రాణం లేచొచ్చింది తపియోకా దగ్గర. కర్రపెండలం పిండిని కాస్త తడిపి, జల్లెడ పట్టి, నూనె చుక్క లేని వేడి పెనం మీద ముగ్గు చల్లినట్టు పలచగా పరుస్తారు. కలపడం, తిప్పడం ఏమీ ఉండదు. వేడికి ఆ పొడి రేణువులు వాటంతటవే అతుక్కుని తెల్లటి అట్టవుతుంది. మధ్యలో చీజ్‌గానీ కొబ్బరిగానీ పెట్టి మడిచేస్తారు. అంచులు కరకర, లోపల మెత్తన.

పావు దె కేజు అనే చీజ్ ఉండలు నేర్చుకోవడానికి ఎక్కువ ఓపిక పట్టింది. పాలు, నూనె, ఉప్పు మరిగించి కర్రపెండలం పిండి మీద పోయాలి. ఆ వేడికి పిండి జిగురొస్తుంది. చల్లారాకే గుడ్లు, చీజ్ వేసి పిసకాలి, లేకపోతే గుడ్డు ఉడికిపోతుంది. పులియబెట్టి ఎండబెట్టిన పిండి వాడితే ఓవెన్‌లో బాగా పొంగుతాయి. గోధుమ లేకుండా అంత చక్కగా సాగే రొట్టె ఉంటుందని నేను ఊహించలేదు.

ఫోన్‌లో అమ్మకి చెబితే, "కర్రపెండలమా? మన పెద్దాపురం, సామర్లకోట సగ్గుబియ్యం మిల్లులకి వెళ్లేది అదే కదే" అంది. నిజమే, ఆ దుంప పుట్టిల్లు దక్షిణ అమెరికానే. అయితే కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఒకటి గమనించాలి. అది దాదాపు అంతా పిండిపదార్థమే, పీచు, ప్రొటీన్ తక్కువ. అందుకే నేను గుడ్డో, పెసరపప్పు కూరో పక్కన పెట్టుకుంటాను. షుగరున్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా తినాలి.

మొన్నటి పరీక్షలో టిటిజి బాగా దిగింది, హిమోగ్లోబిన్ పెరిగింది. ఇప్పుడు ఆఫీసు వాళ్లు ఎక్కడ తిందామంటే ఆ కేఫ్ పేరు ముందు నేనే చెబుతున్నాను. వేరే చోటికైతే వెళ్లే ముందే ఫోన్ చేసి, పెనం వేరేదా, గరిటె వేరేదా అని అడుగుతాను. జవాబు తడబడితే ఇంటినుంచి డబ్బా కట్టుకెళ్తాను.