నువ్వులు పడని మనిషి

అత్తయ్య పోయిన నెలకు గాని మామయ్య గోదావరికి బయలుదేరలేదు. కొడుకు విదేశం నుంచి వచ్చి పన్నెండు రోజుల కర్మ పూర్తి చేసి, సెలవు లేక వెళ్ళిపోయాడు. అస్థికలు కొన్ని కృష్ణలో కలిపారు, కొన్ని శ్మశానంలోని లాకరులో ఉంచారు. ఆవిడ పుట్టింది, పెరిగింది, కాపురం మొదలుపెట్టింది గోదావరి కాలువల మధ్యనే కాబట్టి మిగిలినవి అక్కడే కలపాలని మామయ్య పట్టుదల. డెబ్భై దాటిన మనిషిని ఒంటరిగా పంపడం ఇష్టం లేక నేను తోడు వెళ్ళాను.

గౌతమి ఎక్స్‌ప్రెస్ కొవ్వూరు దాటి వంతెన ఎక్కేసరికి ఇంకా తెల్లవారలేదు. ఎదురు బెర్తులోని ఆవిడ నదిలో చిల్లర వేయడానికి కిటికీ దగ్గరకు జరిగింది. మామయ్య ఒళ్ళో ఎర్రగుడ్డ కట్టిన ముంత చూసి, ఎవరని గాని ఏమైందని గాని అడగకుండా, ఒక రూపాయి బిళ్ళ ఆయన చేతిలో పెట్టి "మీరూ వేయండి అన్నయ్యగారూ" అంది. ఆయన వేశాడు. నెల రోజులుగా చుట్టాలమంతా ఆయనకు ధైర్యం చెప్పి చెప్పి అలసిపోయి ఉన్నాం. ఈవిడ రూపాయితో సరిపెట్టింది.

రాజమహేంద్రవరం కోటిలింగాల రేవులో పొద్దు పొడవకముందే సందడి మొదలవుతుంది. మెట్ల మీద చిన్న చిన్న గుంపులు, ప్రతి గుంపు మధ్యలో కర్మ చేయించే ఒక బ్రహ్మగారు. మా బ్రహ్మగారికి యాభై ఏళ్ళుంటాయి. నడుముకు దోపుకున్న ఫోను మోగుతూనే ఉంది, ఆయన తీయలేదు. మామయ్యను చూడగానే మొదట అడిగింది గోత్రం కాదు, "మోకాళ్ళు సహకరిస్తాయా, పీట వేయించమంటారా?" అని.

పడవలో నది మధ్యకు వెళ్ళి అస్థికలు కలిపి వచ్చాం. ఒడ్డున పిండప్రదానానికి కూర్చున్నాక నేను గమనించిన సంగతి ఒకటి ఉంది. మామయ్య గొంతు పూడుకుపోయినప్పుడల్లా బ్రహ్మగారు మంత్రం ఆపలేదు, ఓదార్చలేదు. "అయ్యా, ఆ నువ్వులు ఇలా అందుకోండి" అనేవారు. లేదా దర్భ ఉంగరం జారిపోతోందని చూపించేవారు. అది నిజంగా జారడం లేదు. అయినా మామయ్య వంగి దాన్ని సరిచేసుకునేవాడు, ఆ పని అయ్యేలోగా గొంతు తెరిపిన పడేది.

తల్లి, నాయనమ్మ పేర్లు చెప్పాడు. తాతమ్మ పేరు దగ్గర ఆగిపోయాడు. "తెలిసినవాళ్ళు ఎవరున్నారు?" అన్నారు బ్రహ్మగారు. తణుకులో ఉన్న మా పెద్దమ్మకు, అంటే మామయ్య అక్కకు, ఫోను చేశాం. అత్తయ్య పోయాక ఆ అక్కాతమ్ముళ్ళు సరిగ్గా మాట్లాడుకోనే లేదు. ఈవిడ ఏడవడం, ఆయన ఫోను పెట్టేయడం, అంతే. ఇప్పుడు పేరు కావాలి కాబట్టి మాట్లాడక తప్పలేదు. పెద్దమ్మ పేరు చెప్పి ఊరుకుందా? ఆ తాతమ్మ మనవల దగ్గర బెల్లం ఎక్కడెక్కడ దాచేదో కూడా చెప్పింది. మామయ్య తడి పంచెతో కూర్చుని నవ్వాడు. నేను గడియారం చూసుకుంటుంటే బ్రహ్మగారు "గోదావరి ఎక్కడికి పోతుంది బాబూ, మాట్లాడుకోనివ్వండి" అన్నారు.

పెద్దల పిండాలయ్యాక కారుణ్య పితరులకు కూడా పెట్టవచ్చు. రక్తసంబంధం లేకపోయినా గురువులు, స్నేహితులు, మేలు చేసినవాళ్ళు, ఎవరైనా ఆ వరుసలోకి వస్తారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తి చేసి ఈ డెల్టాకు అన్నం పెట్టిన కాటన్ దొరకు పుష్కరాల్లో పిండం పెట్టేవాళ్ళు ఈనాటికీ ఉన్నారు. మామయ్య కాసేపు తటపటాయించి, "శవం దొరకని మనిషికి పెట్టవచ్చా?" అని అడిగాడు.

"పేరు తెలుసా?"

"తెలుసు. గోత్రం తెలియదు."

"తెలియనివాళ్ళకు కాశ్యప గోత్రం చెబుతాం. పెట్టండి."

ఆ మనిషి ఎవరో నాకు అప్పుడు తెలియదు. దక్షిణ ఇస్తూ నేను బ్రహ్మగారిని ఆ దర్భ ఉంగరం సంగతి అడిగాను. ఆయన దొరికిపోయినట్టు నవ్వారు. "ఏడవవద్దంటే ఆగుతారా ఎవరైనా? చేతికి పని చెబితే కాస్త నిలదొక్కుకుంటారు. మా నాన్నగారు అలాగే చేసేవారు." తర్వాత అడగకుండానే అన్నారు: "ఇంత బాగా మాట్లాడుతున్నారు గాని, మీ ఇంట గృహప్రవేశానికి నన్ను పిలవరు కదా." నిజమే, పిలవం. అపరకర్మలు చేయించే చేతులు శుభకార్యానికి పనికిరావని మనవాళ్ళకు ఒక జంకు. కష్టంలో పక్కన కూర్చున్న మనిషికి మనం ఇచ్చే గౌరవం అదీ.

కొంచెం దిగువన పుష్కర రేవు. 2015 జులై 14న, పుష్కరాల తొలి రోజున, అక్కడ జరిగిన తొక్కిసలాటలో పాతిక మందికి పైగా చనిపోయారు. పెద్దలకు పిండం పెట్టడానికి వచ్చినవాళ్ళ ఇళ్ళలోనే మళ్ళీ కర్మలు జరిగాయి. మామయ్య అటు వెళ్ళనన్నాడు.

కారులో ధవళేశ్వరం మీదుగా, జొన్నాడ దగ్గర గౌతమి పాయ దాటి, రావులపాలెం అరటి గెలల లారీల మధ్య నుంచి అమలాపురం వైపు సాగాం. అంబాజీపేట దాటాక రోడ్డు పక్క షామియానా, పెద్దకర్మ భోజనాలు. పోయినాయన ఫొటో కంటే చుట్టూ ఉన్న నాయకుల ఫొటోలు పెద్దవిగా ఉన్న ఫ్లెక్సీ. ఈ ఫ్లెక్సీల మీద నాకు చాలాకాలంగా కోపం. శ్రద్ధాంజలి ఘటించేవారు అంటూ నలభై ముఖాలు వేస్తారు, అందులో సగం మంది భోజనానికి కూడా రారు. కానీ షామియానా చివర, మైకు అందని చోట, ఒక ముసలి దాసరి గోడకు చేరబడి ఉన్నాడు. పక్కన శంఖం, జేగంట. అంతిమయాత్ర ముందు శంఖం ఊది గంట కొడుతూ నడిచేది వీళ్ళే, కర్మ నాటి రాత్రి తత్వాలు పాడేదీ వీళ్ళే. మామయ్య కారు ఆపించి ఆయనతో మాట్లాడాడు. రాత్రంతా పాడి గొంతు బొంగురుపోయింది. "తత్వం వినడానికి ఎవరు కూర్చుంటారండీ ఇప్పుడు? ఆ ఇంటి కోడలు ఒక్కతే తెల్లారేదాకా కూర్చుంది. ఆ అమ్మాయి కోసమే పాడాను" అన్నాడు.

కాట్రేనికోన దాటి తీరం వైపు మళ్ళాక అప్పుడు చెప్పాడు మామయ్య. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆ చుట్టుపక్కల ఒక మత్స్యకార గ్రామంలో బడిపంతులుగా చేశాడు. రోజూ పాయ దాటించి బడికి చేర్చే పడవ మనిషి ఒకాయన ఉండేవాడు, వేటకూ వెళ్ళేవాడు. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపాను కోనసీమ కొబ్బరితోటల్ని నేలమట్టం చేసింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు, వేటకు వెళ్ళినవాళ్ళలో ఎంతోమంది తిరిగి రాలేదు, శవాలూ దొరకలేదు. ఈయన వాళ్ళలో ఒకడు. పొద్దున రేవులో పిండం ఆయనకే.

ఆ పడవ మనిషి భార్య ఇంకా ఉంది. ఇప్పుడు ఆ ఊరంతా ఆవిణ్ణి పెద్దమ్మ అంటుంది, ఏ ఇంట చావు కబురు వచ్చినా మొదట ఆవిడకే చెబుతారు. మేము వెళ్ళేసరికి వసారాలో ఎండు రొయ్యలు తలలు తుంచుతూ కూర్చుని ఉంది. "వచ్చారా మాస్టారూ. అమ్మగారి సంగతి తెలిసింది" అంది. అంతే. ఒక చాట మామయ్య ముందుకు తోసింది. బొటనవేలితో తల దగ్గర నొక్కి, తుంచి, తల ఒకవైపు, రొయ్య ఒకవైపు. మామయ్య కూడా మొదలుపెట్టాడు. వేళ్ళకు ఉప్పు అంటుకుని, ముళ్ళు గుచ్చుకుని, ఎర్రటి పొట్టు పంచె నిండా రాలింది. మాటలు ఆ పని మధ్యలోనే సాగాయి.

రేవులో పిండం పెట్టిన సంగతి మామయ్య భయపడుతూనే చెప్పాడు. ఆవిడ చేతులు ఆగాయి. "నువ్వులు కలిపారా?"

"కలపకుండా ఎలా అమ్మా?"

"ఆయనకు నువ్వులు పడవు మాస్టారూ. ఒంటి నిండా దద్దుర్లు వచ్చేవి" అని పగలబడి నవ్వింది. 

తన భర్తకు కర్మ జరిపించడానికి ఆవిడకు చాలా కాలం పట్టిందట. కర్మ చేస్తే తన చేత్తో తానే చంపేసినట్టు ఉంటుందని ఒప్పుకోలేదు. శాస్త్రంలో దానికి దారి ఉంది, శవం దొరకకపోతే దర్భలతోనో మోదుగ ఆకుల కాడలతోనో బొమ్మ చేసి దహనం చేస్తారు. చట్టంలోనూ ఒక లెక్క ఉంది, ఏడేళ్ళు ఆచూకీ లేని మనిషిని చనిపోయినట్టు భావించవచ్చు. ఆవిడ ఈ రెండింటి కోసమూ చూడలేదు. కూతురి పెళ్ళి కుదిరి, శుభలేఖలో తండ్రి పేరు ముందు ఏం రాయాలో తేల్చుకోవలసి వచ్చినప్పుడు ఒక రాత్రంతా ఆలోచించి, మర్నాడు కర్మకు రోజు అడిగింది.

అప్పటి నుంచే చావు జరిగిన ఇళ్ళకు వెళ్ళే ఈ పని. ఎవరూ అప్పగించలేదు, డబ్బు తీసుకోదు. పరామర్శకు వచ్చినవాళ్ళలా వసారాలో కూర్చోదు, పెరట్లో అంట్ల దగ్గర కూర్చుంటుంది. "మొగుడు పోయిన పిల్ల ముందుగదిలో అందరి కోసం ఏడుస్తుంది, పెరట్లోకి వచ్చి తన కోసం ఏడుస్తుంది" అంది. పిల్లల్ని ఆ పూట ఎవరింట పడుకోబెట్టాలి, చేపలు తెచ్చిన అప్పు ఎవరికి ఇవ్వాలి, పెద్దకర్మ అయ్యాక నిద్రకు పిలిచే చుట్టాలు ఎవరున్నారు, ఇవన్నీ ఆవిడ చూసుకుంటుంది. పిలిచేవాళ్ళు లేకపోతే తన ఇంటికే నిద్రకు తీసుకువస్తుంది. పదో రోజు గాజులు పగలగొట్టే తంతు మాత్రం తాను ఉన్న ఇంట జరగనివ్వదు. "పగలగొట్టడం ఎందుకు? తీసి పెట్టెలో పెట్టుకోమంటాను. తర్వాత వేసుకుంటుందో లేదో ఆ పిల్ల ఇష్టం." మన ఆచారాల్లో దుఃఖానికి ఆసరా ఇచ్చేవి ఎన్నో ఉన్నాయని పొగిడేవాళ్ళు ఈ తంతు దగ్గరకు వచ్చేసరికి గొంతు తగ్గిస్తారు. ఆవిడ తగ్గించలేదు.

అందరి దుఃఖమూ ఇలా తీరదని ఆవిడకు తెలుసు. మాసికాలన్నీ గడిచి సంవత్సరీకం అయ్యాక కూడా తిండి, నిద్ర లేకుండా ఉన్నవాళ్ళ సంగతి ఆశా కార్యకర్తకు చెబుతుంది. ఆ అమ్మాయి టెలి మానస్ నంబరు 14416కు ఫోను కలిపిస్తుంది, 2022లో కేంద్రం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సేవ అది. అదే ఏడాది అమెరికా మానసిక వైద్యులు తమ ప్రామాణిక గ్రంథాన్ని సవరించి, పెద్దవాళ్ళలో ఏడాది దాటినా తగ్గకుండా బతుకును స్తంభింపజేసే దుఃఖాన్ని చికిత్స అవసరమైన స్థితిగా చేర్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు నెలలే గడువు పెట్టింది. నేను ఈ విషయం చెబితే ఆవిడ "ఆరు నెలలా? తొందర ఎక్కువ" అంది. చచ్చిపోతానన్న మాట ఎవరి నోట వచ్చినా మాత్రం ఆవిడ ఒక్క రోజు కూడా ఆగదు.

చాట ఖాళీ అయ్యాక అసలు విషయానికి వచ్చింది. "మాస్టారూ, చెరువు గట్టు మీద ఇంట్లో ఒకాయనకు భార్య పోయింది. ఎవరితోనూ మాట్లాడడు. ఆడవాళ్ళయితే నేను పెరట్లో కూర్చుంటాను. మగవాడి దగ్గర నేను ఎక్కడ కూర్చోను? మీరు ఒకసారి వెళ్ళి రండి." మామయ్య నా వైపు చూశాడు. నేను ఆయనను ఓదార్చడానికి వచ్చినవాణ్ణి, ఈ పనికి పనికిరాను. లేచాడు.

రొయ్యల చెరువులున్న ఆసామి, అరవై ఏళ్ళు ఉంటాయి. మంచం మీద టీవీ ముందు కూర్చుని ఉన్నాడు, శబ్దం లేదు. ఇరుగుపొరుగు తెచ్చిన క్యారియర్లు మూత తీయకుండా వరసగా ఉన్నాయి. మామయ్య తన పేరు చెప్పి, "మా ఆవిడా పోయింది, నెలైంది" అన్నాడు. చాలాసేపు ఇద్దరూ మేత ధర గురించి మాట్లాడుకున్నారు. తర్వాత ఆయనే, "గ్యాస్ పుస్తకం కనబడడం లేదండీ. ఎక్కడ పెట్టిందో" అన్నాడు.

"మా ఇంట్లో బియ్యం డబ్బాలో దొరికింది" అన్నాడు మామయ్య.

ఇద్దరూ లేచి వంటింట్లోకి వెళ్ళారు. నేను బయటే ఉండిపోయాను. డబ్బాలు దించుతున్న చప్పుడు, ఎవరిదో తుమ్ము, మళ్ళీ డబ్బాలు. పుస్తకం పోపుల పెట్టె వెనుక దొరికింది. అందులో ఆవిడ మడిచి దాచుకున్న వందల నోట్లు కూడా ఉన్నాయి. అప్పుడు ఏడ్చాడు ఆయన, వంటింటి గడప మీద కూర్చుని. మామయ్య ఊరుకోమనలేదు. క్యారియర్ మూత తీసి అన్నం వడ్డించాడు. పెరుగు లేదు, పాలు ఉన్నాయి. తోడు పెట్టడం నేర్పించాడు, అది తానూ ఈ నెలలోనే నేర్చుకున్న విద్య.

ఆ రాత్రి రాజోలు దగ్గర బంధువుల ఇంట ఉన్నాం. పక్క పేటలో ఆదరణ కూడిక జరుగుతోంది. 1830లలో నరసాపురం వచ్చిన మిషనరీల కాలం నుంచి ఈ పాయల వెంట క్రైస్తవ సంఘాలు ఉన్నాయి. చావు జరిగిన ఇంటికి సంఘం స్త్రీలు ప్రార్థనకు వస్తే, ముందు బియ్యం మూట దించి తర్వాత పాట అందుకుంటారని మా బంధువులు చెప్పారు.

మర్నాడు అంతర్వేదిలో, వశిష్ఠ పాయ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర, ముంతలో ప్రత్యేకంగా ఉంచిన పిడికెడు కలిపాం. గాలికి ఏమీ వినబడలేదు, మామయ్య ఏదో అన్నాడు గాని నన్ను ఉద్దేశించి కాదు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం చేరాం. పంటు మీద మోటారు సైకిళ్ళు, పాల క్యాన్లు, ఒక పెళ్ళి బృందం.

నరసాపురం స్టేషన్లో రైలు ఇంకా రాలేదు. మామయ్య ఫోను తీసి చెరువు గట్టు ఆసామికి కలిపాడు. నీళ్ళు నీళ్ళుగా వచ్చిందని అవతల ఫిర్యాదు కాబోలు. "పాలు వేడిగా ఉన్నప్పుడు వేశారు మీరు. వేలు పెట్టి చూడాలి, గోరువెచ్చగా ఉండాలి. సరే, ఈ రాత్రి మళ్ళీ వేయండి, రేపు పొద్దున్న ఏడింటికి చేస్తాను" అన్నాడు.