పద్నాలుగో బెల్టు దాకా: ఏ మెషిన్ పనికొచ్చింది, ఏది మూల కూర్చుంది

ఇంట్లో నేను సొంతంగా చేస్తున్న తోలు బెల్టుల్లో పద్నాలుగోది ఈ ఆదివారం పూర్తయింది. మా బావకి. నడుం 36 అన్నాడు, అది ప్యాంటు సైజట, టేపు పెట్టి చూస్తే 39. అందుకని నోటిమాట మీద ఎప్పుడూ కోయకండి. వాళ్లు ఇప్పుడు వాడుతున్న బెల్టు తెప్పించుకుని బకిల్ మడత (తోలు బకిల్ చుట్టూ తిరిగే చోటు) దగ్గర్నుంచి రోజూ పెట్టుకునే కన్నం దాకా కొలవండి, అదే మీ మధ్య కన్నం, దానికి అటు రెండు, ఇటు రెండు, అంగుళం ఎడంతో. బకిల్ మడతకి 3 అంగుళాలు, మధ్య కన్నం తర్వాత తోకకి ఆరున్నర, అంటే కొలత మీద తొమ్మిదిన్నర కలిపి కోస్తున్నాను.

మొదలుపెట్టినప్పుడే పెద్ద తప్పు చేశాను. అన్నిటికంటే ముందు కుట్టు మెషిన్ కొన్నాను. ఇంట్లో అమ్మ టైలరింగ్ మెషిన్ మీద ప్రయత్నిస్తే రెండు సూదులు విరిగాయి, ఆ కోపంలో సెకండ్ హ్యాండ్ వాకింగ్ ఫుట్ మెషిన్ తెచ్చేశాను. మెషిన్ మంచిదే, సూదీ, పైన పాదమూ, కింద పళ్లూ మూడూ కలిసి తోలుని లాగుతాయి కాబట్టి పొరలు జారవు. గొడవంతా దాని కింద ఉన్న క్లచ్ మోటార్‌తో. అది ఎప్పుడూ పూర్తి వేగంతో తిరుగుతూనే ఉంటుంది, పెడల్ నొక్కితే మెషిన్‌కి తగులుకుంటుంది. నిమిషానికి 1440 తిరుగుతుంది, మోటార్ పుల్లీ 50 మి.మీ., మెషిన్ చక్రం 100 మి.మీ., అంటే పెడల్ పూర్తిగా నొక్కితే సెకనుకి 12 కుట్లు. కుట్టు పొడవు 5 మి.మీ. పెడితే సెకనులో 6 సెంటీమీటర్లు. బెల్టు తోక వంపు మొత్తం కలిపినా అంత ఉండదు! పాదంతో సగం సగం నొక్కి అదుపు చేయడం అలవాటున్న వాళ్లకి వస్తుందేమో గానీ, నాకు మూడో బెల్టు దగ్గర కుట్టు అంచు దాటి బయటికెళ్లింది. తోలుకి పడ్డ కన్నం పోదు, బట్టలాగా విప్పి మళ్లీ కుడదామంటే కుదరదు. వేగం మనకి కావలసినంత తగ్గించుకోగలిగే సర్వో మోటార్ వేయించాక ఒక్కో కుట్టూ లెక్కపెట్టుకుంటూ వేయొచ్చు. 138 నంబరు నైలాన్ దారం, 160 సూది, మొన బ్లేడులా ఉండే లెదర్ సూదే తీసుకోండి, బట్టల సూది వద్దు. కింది దారం చుక్కలు చుక్కలుగా పైకి కనిపిస్తే పై టెన్షన్ తగ్గించండి.

ఇంతా చేసి తర్వాత తెలిసిందేమిటంటే, మూడున్నర నాలుగు మి.మీ. మందం ఒంటి పొర బెల్టుకి పొడవునా కుట్టే అవసరం లేదు. బకిల్ దగ్గర రెండు స్క్రూ రివెట్లు చాలు. పద్నాలుగింటిలో మెషిన్ ఎక్కినవి నాలుగు.

అసలు బెల్టులు పాడైంది కోతలో. స్టీలు స్కేలు పెట్టి కత్తితో లాగితే 38 మి.మీ. పట్టీ ఒకచోట 38, ఒకచోట 36. పట్టీని పొడవునా ఒకే వెడల్పులో కోసే చెక్క స్ట్రాప్ కట్టర్ వచ్చాక ఆ బాధ పోయింది, నా దగ్గరున్న వాటన్నిటిలో చవకైంది అదే, ముందు కొనాల్సిందీ అదే. ఒక్క షరతు, మొదటి అంచు మాత్రం పొడవైన స్కేలుతో తిన్నగా మనమే కోసుకోవాలి, అది వంకరైతే కట్టర్ ఆ వంకరనే భక్తిగా కాపీ కొడుతుంది. వీపు భాగం నుంచే కోయండి. పొట్ట వైపు తోలు వదులుగా ఉంటుంది, రెండు నెలల్లో సాగి అరటితొక్కలా వంపు తిరుగుతుంది.

తర్వాత బకిల్ మడత. నాలుగు మి.మీ. తోలు మడిస్తే ఎనిమిది, బకిల్ దగ్గర దుంగలా ఉంటుంది, అందుకే మడిచే కొనని పలచన చేయాలి. తెలిసినాయన వర్క్‌షాపులో తోలు అంచుని చెక్కి పలచన చేసే బెల్ నైఫ్ స్కైవింగ్ మెషిన్ ఉంటే దాని మీద పెట్టాను, అది బ్యాగు తోలు అంచులకి బ్రహ్మాండం, నా బెల్టు తోలుని మాత్రం కొరికి వదిలింది. నేను కొన్నది తోలు మందాన్ని కోసి తగ్గించే, లివర్ ఉన్న చిన్న స్ప్లిట్టర్. కొన బ్లేడు కిందకి పెట్టి, లివర్ దించి, నెమ్మదిగా లాగాలి. ఒకేసారి సగానికి దించకండి, మూడు విడతల్లో రెండు మి.మీ.కి తెండి. లాగేటప్పుడు కిర్రుమంటే బ్లేడు మొండిదైనట్టు, పదునుపెట్టే పాలిష్ పూసిన తోలు ముక్క మీద నూరుకుని మళ్లీ రండి.

కన్నాలు మొదట్లో సుత్తితో కొట్టేవాణ్ణి. ఒక రాత్రి పదింటికి కింది ఫ్లాటు ఆంటీ పైకొచ్చి "ఏం బాబూ, గోడ పగలగొడుతున్నావా?" అని నెమ్మదిగానే అడిగింది. ఆ వారమే ఒక టన్ను ఆర్బర్ ప్రెస్ కొన్నాను. పంచ్ కింద పాత ప్లాస్టిక్ కూరగాయల పలక, హ్యాండిల్ దించితే టక్, అంతే. కన్నం నిటారుగా పడుతుంది కూడా, సుత్తితో వెనకవైపు ఎప్పుడూ పక్కకి జరిగేది.

అంచు మెరుపు గురించి. నేను వాడేది చెట్ల బెరడుతో పదును చేసిన వెజ్ ట్యాన్ తోలు. దక్షిణాదిలో పాత పద్ధతిలో తంగేడు చెక్కా, కరక్కాయా వాడేవాళ్లు, మన బతుకమ్మలో పేర్చే ఆ తంగేడే. ఈ తోలు అంచు తడిపి, గమ్ రాసి, చెక్కతో రుద్దితే గాజులా మెరుస్తుంది. క్రోమ్ తోలుని (క్రోమియం ఉప్పుతో పదును చేసినది) ఎంత రుద్దినా రాదు, దానికి ఎడ్జ్ పెయింటే. రుద్దడానికి బెంచ్ గ్రైండర్‌కి చెక్క బిగించి చూశాను, 2800 దాకా తిరుగుతుంది, క్షణంలో అంచు కమిలి నల్లబడింది. చివరికి మూల పడేసిన క్లచ్ మోటార్ గుర్తొచ్చింది. పుల్లీ తీసి, టేకు ముక్కకి గాడులు తీయించి బిగిస్తే 1440 సరిగ్గా సరిపోయింది. నా కుట్టు చెడగొట్టిన మోటారే ఇప్పుడు అంచులు మెరిపిస్తోంది.

ఇంకో సంగతి, తడి వెజ్ ట్యాన్ మీద ఇనప రజను పడితే నీలం నలుపు మచ్చలు వస్తాయి. బావ బెల్టు మీద ప్రెస్ తుడిచిన వేలిముద్ర అచ్చంగా దిగింది. నిమ్మరసం దూదితో అద్దితే చాలావరకు పోయింది, మిగిలింది లూప్ కిందకి వచ్చేలా జరిపాను, బావకి చెప్పలేదు.

వచ్చే వారం 20 మి.మీ. వాచీ పట్టీ. దానికి మెషిన్ ముట్టుకోను, కింది పళ్ల గాట్లు పలచటి లైనింగ్ మీద పడతాయి, ఆరె (తోలుకి కన్నం పొడిచే మొనదేలిన పనిముట్టు) పట్టుకుని చేత్తోనే కుడతాను.