మూడో గేరులో కొత్తపేట దాకా

మొన్న జొన్నాడ బ్రిడ్జి దాటి రావులపాలెం వచ్చేసరికి మా ఆటోమేటిక్ కారు ఒక్క కుదుపు కుదిపి, లైటు వెలిగించి, ఇంక మూడో గేరు వదలనంది. పక్కనున్న బావ "గేర్‌బాక్స్ పోయిందిరా" అని తేల్చేశాడు.

పోలేదు. లోపలికి వెళ్లే షాఫ్టు, బయటికొచ్చే షాఫ్టు ఎంత వేగంతో తిరుగుతున్నాయో సెన్సర్లు కంప్యూటరుకి చెబుతుంటాయి, 1.5 నిష్పత్తి ఉన్న గేరులో ఇటు 3000 తిరిగితే అటు 2000 రావాలి, 1700 వచ్చిందంటే క్లచ్ జారుతోందనో, సెన్సరే అబద్ధమాడుతోందనో దానికి అనుమానం. అనుమానం గట్టిపడితే సోలినాయిడ్లకి, అంటే గేర్లు మార్చే ఆయిల్ వాల్వుల్ని కరెంటుతో కదిపే బుల్లి పరికరాలకి, కరెంటు ఆపేస్తుంది. చాలా గేర్‌బాక్సుల్లో కరెంటు లేకపోయినా ఆయిల్ ప్రెజరుతోనే ఒక ముందు గేరు, రివర్స్ పడేలా వాల్వులు కడతారు. ఇల్లు చేరడానికన్నమాట.

నెమ్మదిగా కొత్తపేట చేరి మెకానిక్‌తో స్కానర్ పెట్టిస్తే పి0700 అనే తప్పు కోడు (ఫాల్ట్ కోడ్) వచ్చింది. అది ఉత్త చాడీ, గేర్‌బాక్స్‌లో ఏదో ఉంది చూడమంటుందంతే. అసలు కోడు పి0720, అంటే బయటికొచ్చే షాఫ్టు వేగం చెప్పే అవుట్‌పుట్ సెన్సర్ సర్క్యూట్‌లో లోపం. విప్పితే కనెక్టరు పిన్నులకి పచ్చగా చిలుం! మా కోనసీమ తేమ సంగతి తెలిసిందేగా. శుభ్రం చేసి కోడు చెరిపాక గేర్లన్నీ పడ్డాయి, బావ మాత్రం ఇంకా నమ్మట్లేదు.